ఒంటి తొడుగు రేవు

వియోర్ ఏటి మీద ఆ రేవుకి మంచి పేరు లేదు. పొద్దు వాలాక అటుగా ఎవరూ పోరు. పోక తప్పకపోతే, నీళ్ళలో దిగేముందు చేతితొడుగులు తీసేసి, రెండు అరచేతులూ పైకెత్తి చూపిస్తూ దాటాలి. ఉత్త చేతుల్ని ఆ రేవులో ఉన్నది ఏమీ చెయ్యదట. అడగడం మాత్రం అడిగేదట, అప్పట్లో... "తెచ్చావా?" అని.

బంటు కుర్రాడు ఇసార్న్ ఆ సంగతి మొదటిసారి విన్నది ఏటి ఒడ్డున పిండిమర నడిపే పెరోనెల్ అవ్వ నోట. ఆ రాత్రి వాడి గుండె పట్టలేనంత నిండుగా ఉంది. తెల్లారితే కోటలో వాడి నడుముకి కత్తి కట్టి రౌతుని చేస్తారు. కట్టేది ఎవరో కాదు — బెరంగర్ దొర!

చిన్నప్పటి నుంచీ ఆ దొర కవచం తోమి, ఆ దొర గుర్రానికి మేత వేసి, ఆ దొర నోటే రౌతు ధర్మం విని పెరిగాడు. దిక్కులేని వాళ్ళని కాచుకోవాలి. పడ్డవాణ్ణి పొడవకూడదు. ఇచ్చిన మాట ప్రాణం పోయినా తప్పకూడదు... ఈ చివరిది చెప్పేటప్పుడు దొర గొంతు ఎందుకో బొంగురుపోయేది. ధర్మమంటే అంత భక్తి కాబోలు అనుకునేవాడు ఇసార్న్.

"ఎవరవ్వా అది? రేవులో అడిగేది?"

"ఓదోన్ అని ఒక రౌతు. పాత యుద్ధంలో ఈ రేవుకి కాపలా. తోడబుట్టినవాడిలా ఉంటానని ప్రమాణం చేసిన నేస్తం ఒకడుండేవాడు. ఒక జత ఇనుప తొడుగులు చెరొకటి తొడుక్కున్నారు. 'కాపలా మార్చడానికి నేనే వస్తా, నా తొడుగు నీ చేతికి తగిలేదాకా కదలకు' అని చెప్పి పోయాడు వాడు. మళ్ళీ రాలేదు. ఈయన కదల్లేదు. శత్రువులు మీదపడ్డా కదల్లేదు... చచ్చినా కదల్లేదు."

"ఎంత గొప్పవాడు!" ఇసార్న్ కళ్ళు చెమర్చాయి.

"గొప్పే. ఇప్పటికీ నానుతున్నాడు నీళ్ళలో," అంది అవ్వ. "ఆ నేస్తం పేరు మాత్రం ఎవరికీ తెలీదు."

వాడితో పాటు ఆ రాత్రికి అవ్వ మర దగ్గరే దిగిన దొర, పొయ్యి పక్కన కూర్చుని కూడా గంజి ముట్టలేదు. కళ్ళ కింద నల్లటి గుంటలు. ఏళ్ళ తరబడి ఆయనకి నిద్ర లేదని కోటంతా చెప్పుకుంటారు.

"ఇసార్న్," అన్నాడు మెల్లగా. "నిన్నొకటి అడుగుతా. ఏమిటని అడక్కుండా మాటిస్తావా?"

రౌతుల్లో అదొక మర్యాద. ఏమిటని అడిగితే దొరని నమ్మనట్టే. ఇసార్న్ మోకాళ్ళ మీద కూర్చుని, జోడించిన చేతులు దొర చేతుల మధ్య పెట్టాడు.

"ఇచ్చాను దొరా."

"అడిగితే నీ సొమ్మేం పోయిందిరా నాయనా..." గొణిగింది అవ్వ.

దొర సంచిలోంచి ఒక ఇనుప తొడుగు తీశాడు. ఒక్కటే. తుప్పు పట్టి ఉంది.

"ఇది తొడుక్కుని రేవులోకి దిగు. నీ వెనకే వస్తా."

దొర తొడుగు... నా చేతికి! ఇసార్న్ సంతోషంగా గబుక్కున తొడుక్కున్నాడు. అప్పుడు అవ్వ మొహం చూశాడు. సున్నంలా తెల్లబోయి ఉంది. ఛ, కాదు. దొర నా ధైర్యం పరీక్షిస్తున్నారు, అంతే!

చందమామ లేదు, చుక్కల వెలుగే. నీళ్ళు మోకాళ్ళ దాకా... నడుం దాకా... ఏటి మధ్యలోకి వచ్చేసరికి గలగల ఒక్కసారిగా ఆగిపోయింది.

"తెచ్చావా?"

చెవి పక్కనే. తడి ఇనుము వాసన.

ఇసార్న్ వెనక్కి తిరిగాడు. దొర ఒడ్డునే ఉన్నాడు. గుర్రం మీంచి దిగనైనా లేదు.

"దొరా... మీరు రారా?"

ఎవరివో ఇనుప వేళ్ళు వాడి చేతి తొడుగుని తడిమాయి, కణుపు కణుపూ... ఆనవాలు దొరికినట్టు ఆగాయి.

"అదే... అదే!" ఆ గొంతు ఏడ్చింది. "ఎంత ఆలస్యం చేశావురా బెరంగర్!"

"నే... నేను బెరంగర్‌ని కాదు..."

"తొడుగు ఎవరు తెస్తే కాపలా వాళ్ళది." ఎంతో అలసిపోయిన గొంతు. "ఇక నేను పడుకుంటా."

వాడి చేతిలో తడి ఈటె ఒకటి మిగిలింది. గలగల మళ్ళీ మొదలైంది.

ఒడ్డు మీంచి దొర కేక — "మాటిచ్చావు ఇసార్న్! నేను వచ్చేదాకా రేవు వదలకు!"

"ఎప్పుడొస్తారు దొరా?"

గిట్టల చప్పుడు. దూరంగా... ఇంకా దూరంగా...

తెల్లారి అవ్వ ఒడ్డున నిలబడి నెత్తీనోరూ బాదుకుంది. "తీసి పారెయ్ రా దాన్ని! నిన్నెవడూ కట్టెయ్యలేదు, వచ్చెయ్!"

"మాటిచ్చానవ్వా." వాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. "దొర వస్తారు. రౌతు కదా!"

అవ్వే నీళ్ళలో దిగి వాడికి గంజి తాగించేది. ఏటి అంచున మంచు గడ్డకట్టేదాకా తాగించింది. ఆ తర్వాత తాగేవాడు లేకపోయాడు.

బెరంగర్ దొరకి ఇప్పుడు కమ్మగా నిద్ర పడుతోందట.

రేవులో మాత్రం గొంతు మారింది. లేత గొంతు. "తెచ్చావా" అని అడగదు. చీకట్లో ఎవరు నీళ్ళలో కాలు పెట్టినా, ఆశగా —

"దొరా... మీరేనా?"