పదకొండు మిల్లీమీటర్లు

"ఒకణ్ణి మింగింది చాలదా దానికి? రెండోవాణ్ణి కూడా నువ్వే ఎక్కించి పంపుతావా!"

అత్తగారి కేకకి కోడలి చేతిలోని గ్లాసు జారి గిన్నెల మధ్య పడింది. ఇంతా చేసి ఆమె ఏమీ అనలేదు. అన్నదల్లా కంచం ముందు కూర్చున్న చిన్నకొడుకు. షెడ్డులో ఉన్న అన్నయ్య కారు బాగుచేయించి బయటికి తీస్తానన్నాడు, దానికి మంచి ఫోర్జ్‌డ్ చక్రాలు వేయిస్తానన్నాడు, ఏవి వేయాలో వదిన చెబుతుందన్నాడు. అడిగింది కొడుకు, తిట్లు కోడలికి! ఆ ఇంట్లో రెండేళ్లుగా అదే వరస. పాలు విరిగినా, కుళాయి కారినా, తిరిగి తిరిగి మాట వచ్చి ఆమె నెత్తినే పడేది.

"నేనేమీ అనలేదత్తయ్యా..."

"అనక్కర్లేదమ్మా! అప్పుడు కూడా నవ్వుతూ ఎంచి పెట్టావు. వాడు నవ్వుతూ వేయించుకున్నాడు. ఇప్పుడు చూడు, ఈ ఇంట్లో నవ్వే మొహం ఒక్కటైనా ఉందా?"

"అమ్మా, అడిగింది నేను. తిట్టేదేదో నన్ను తిట్టు!" అన్నాడు చిన్నవాడు.

"నిన్నెందుకు తిడతానురా? నువ్వు మిగిలినవాడివి!"

మామగారు తలెత్తలేదు. ముప్పై ఏళ్లుగా కార్లకి చక్రాలు బిగించిన మేస్త్రి ఆయన. వీధివైపు షాపు, వెనక ఇల్లు, మధ్యలో రేకుల షెడ్డు. కొత్త చక్రాలు కావాలంటే పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. అంతటి పెద్దమనిషి అన్నం సగంలో వదిలేసి, చేయి కడుక్కుని, "నేను కాసేపు పడుకుంటాను" అని వెళ్ళిపోయారు. చక్రాల మాట వస్తే చాలు, ఆయనకి ఆకలి చచ్చిపోయేది.

కోడలు అక్కడే నిలబడిపోయింది. ఆమె చేసిన నేరమల్లా ఒక్కటే... భర్త పుట్టినరోజుకి చక్రాలు ఎంచి పెట్టడం! ఆ ఎర్ర స్పోర్ట్స్ కారంటే అతనికి ప్రాణం. భార్య అలిగితే ఒక పూటలో బుజ్జగించేవాడు, ఆ కారు అలిగితే వారం రోజులు దాని కిందే పడుకునేవాడు. "నా సవతికి బట్టలు నేనే కొంటాను" అని ఆమె సరదా పడింది. పోతపోసిన చక్రాలు గోతిలో పడితే పగులుతాయని, ఫోర్జ్‌డ్ చక్రాలు లోహాన్ని వేడిచేసి, గట్టిగా నొక్కి చేస్తారు కాబట్టి తేలిగ్గానూ ఉంటాయని, దెబ్బకి వంగుతాయే తప్ప సులువుగా విరగవని అతనే నేర్పాడు. ఆఫ్‌సెట్ అంటే ఏమిటో కూడా అతనే, కంచంలో రొట్టె పెట్టి చూపించాడు. చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత అనుకో, ఇరుసు చివరి హబ్బుకి చక్రం ఆనే చోటు ఆ గీతకి ఎంత దూరమో చెప్పే అంకె అది. అంకె తగ్గితే చక్రం బయటికొస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. ఆమె వారం రోజులు కాగితాలు ఖరాబు చేసింది. పాతది ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ యాభై మిల్లీమీటర్లు. ఆమె ఎంచింది ఎనిమిదిన్నర, నలభై అయిదు. పదకొండు మిల్లీమీటర్లు బయటికి, లోపలికి ఒకటిన్నర కూడా లేదు. మడ్గార్డు అంచుకి సరిగ్గా కుదురుతుంది, లోపల దేనికీ తగలదు.

చక్రాలు బిగించిన మూడో రోజు సాయంత్రం, మలుపు దగ్గర ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. కారు గోడకి కొట్టుకుంది. అంతే... అతను మళ్ళీ ఇంటికి నడిచి రాలేదు!

"పిల్ల ముచ్చటపడిందట, చక్రాలు బయటికి పొడుచుకు రావాలని! ఊడిపోక ఏమవుతాయి?" అని చుట్టాలు గుసగుసలాడారు. అత్తగారు గుసగుసలాడలేదు, పదిమంది ముందే మొహాన అనేసింది. లోకులు కాకులంటారు, వాళ్ళ మాటకేం? కానీ ముప్పై ఏళ్ల మేస్త్రి అయిన మామగారు ఒక్కసారైనా "కాదు" అనలేదు. అదీ ఆమె గుండెలో దిగిన ముల్లు! తెలిసినాయనే కాదనలేదంటే, నిజమే కాబోలు... తన చేత్తో తనే మొగుణ్ణి చంపుకుందేమో! పుట్టింటికి పొమ్మని ఎవరూ అనలేదు, తనంతట తానూ పోలేదు. పోతే ఒప్పుకున్నట్టు, ఉంటే పడాలి. పడింది. పనయ్యాక అవే అంకెలు మళ్ళీ మళ్ళీ వేసుకునేది. ఎన్నిసార్లు వేసినా పదకొండు, ఒకటిన్నర! కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది, మనిషే లేడు.

ఇంకొక సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే పిచ్చిదంటారు. రోజూ మధ్యాహ్నం రెండున్నరకి, ఇల్లు సద్దుమణిగాక, షెడ్డులోంచి చప్పుడు వినిపించేది. టక్... టక్... టక్... అయిదుసార్లు. కాసేపు ఆగి మళ్ళీ అయిదు. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. బోల్టు సరిపడా బిగుసుకోగానే టక్కుమనే పొడుగు పానా అది. ఆ షాపులో ఒక ఆచారం ఉంది. బండి సొంతదారు పక్కన నిలబడి, ప్రతి బోల్టు టక్కుమనడం తన చెవితో వింటే గానీ బండి గేటు దాటదు. పెద్దవాడున్నప్పుడు ఆ పానా ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది. ఇప్పుడెవరు? షెడ్డుకి తాళం, మామగారు గదిలో నిద్ర! మొదటిసారి విన్నప్పుడు ఆమె ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత భయం పోయింది. భయం కంటే పాడు సంగతి, ఆ చప్పుడు కోసం ఎదురుచూడటం అలవాటైంది. వంటింటి గోడకి వీపు ఆనించి ఇరవైదాకా లెక్కపెట్టుకునేది. 'వచ్చారా? నా మీద కోపంతో వచ్చారా? నా చక్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటున్నారా...' అని లోలోపలే అడిగేది. ఇరవై అయ్యాక వెళ్ళి గిన్నెలు తోముకునేది.

ఆ రోజు మాత్రం ఆమె గోడకి ఆనుకోలేదు. మిగిలినవాడు కూడా అదే కారు ఎక్కుతానంటున్నాడు. లెక్క తప్పయితే ఆ పాపం తనది, ఇంకొకసారి అంకె చెప్పకూడదు. ఒప్పయితే... ఒప్పయితే ఏం చేయాలో ఆమెకి తెలియదు. కానీ తెలుసుకోకుండా ఇంకొక్క పూట కూడా బతకలేననిపించింది.

"చిన్నోడా, షాపు అటక మీద మీ అన్నయ్య చక్రాలున్నాయి. దింపగలవా?"

"అవెందుకు వదినా ఇప్పుడు? అమ్మ చూస్తే..."

"చూడనీ! ఇంతకంటే ఏమంటుంది?"

మధ్యాహ్నం వేళ షాపు షట్టరు సగం దించి ఉంది. చిన్నవాడు ఆఫీసు ఉద్యోగి, చొక్కా నలగకుండా నిచ్చెన ఎక్కాలని చూసి రెండు మెట్లకే మసి పూసుకున్నాడు. దుప్పటి మూటలో చక్రాలు ఒక్కొక్కటీ దిగాయి. మూడింటికి గీత పడలేదు. నాలుగోదానికి అంచు ఒకచోట వంగింది, అంతే, పగుల్లేదు. ఆమె దాని మీద చేయి వేసి కళ్ళు మూసుకుంది. తర్వాత బోర్లించి, అడ్డంగా ఇనప స్కేలు పెట్టి, మరో స్కేలుతో లోతు కొలిచి లెక్క వేసింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి తేలింది. నలభై అయిదు! ఆమె రాసిందే వచ్చింది!

"వదినా, ఇవేంటి?" దుప్పటి అడుగున చిన్నవాడి చేతికి రెండు గుండ్రటి లోహపు బిళ్ళలు, కాగితంలో చుట్టిన కొన్ని బోల్టులు తగిలాయి.

స్పేసర్లు! చక్రాన్ని ఇంకా బయటికి జరపడానికి హబ్బుకీ చక్రానికీ మధ్య పెట్టేవి. ఒక్కొక్కటి పది మిల్లీమీటర్ల మందం. ఆమె ఇవి అడగలేదు. ఆ లెక్కలో వీటికి చోటే లేదు. బోల్టు తీసి వెలుతురులో పట్టుకుంది. పది మరలు పట్టాల్సిన చోట కొసన నాలుగే అరిగి ఉన్నాయి. మధ్యలో బిళ్ళ చేరాక పాత బోల్టులు పొట్టివైపోయాయి. చక్రం నాలుగు మరల మీద వేలాడింది!

సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి... టక్!

"ఎవరది?" అన్నాడు చిన్నవాడు. అతనికీ వినిపించింది! రెండేళ్లలో మొదటిసారి ఆ చప్పుడు ఇంకొకరికి వినిపించింది. ఆమె బిళ్ళ చేత్తో పట్టుకునే షెడ్డు వైపు నడిచింది.

తాళం తీసి ఉంది. ఎర్ర కారు మీది గుడ్డ ముందువైపు పైకి మడిచి ఉంది. మామగారు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, తిరిగి వేసిన పాత చక్రాలకి ఎప్పుడో బిగుసుకుపోయిన బోల్టునే మళ్ళీ బిగిస్తున్నారు. టక్... ఇంకొకటి... టక్... పెదవులు కదులుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే నవ్వుతారు గానీ, ఆ చేతుల్ని చూస్తే ఎవరికీ నవ్వు రాదు!

"మామయ్యా..."

ఆయన తిరిగి చూశారు. చూసింది ఆమె మొహాన్ని కాదు, ఆమె చేతిలోని బిళ్ళని. పానా చేతిలోంచి జారిపోయింది.

"వేలు దూరలేదమ్మా..." అన్నారు. "టైరుకీ లోపలి కడ్డీకీ మధ్య నా చూపుడు వేలు దూరాలి. ముప్పై ఏళ్లుగా నా కొలత అదే. నువ్వు రాసిచ్చిన కాగితం చూశాను. చిన్నపిల్ల, కాగితం చూసి నాకు చెబుతుందా అనుకున్నాను. దానికంటే నా వేలే గొప్పదనుకున్నాను! బిళ్ళలు వేశాను. వాటికి పొడుగు బోల్టులు కావాలి, షాపులో లేవు. బయటివాళ్ళ బండయితే గేటు దాటనిచ్చేవాణ్ణా? వాడు నవ్వి, 'ఇంటి బండికి కూడా ఆచారాలా నాన్నా' అన్నాడు. ఇంటి బండే కదా, బోల్టులు రాగానే మార్చేద్దాంలే అనుకున్నాను..."

"వచ్చాయా మామయ్యా?"

"వచ్చాయి." ఆయన జారిన పానా తీసి మళ్ళీ కింద పెట్టారు. "ఆ రోజు పొద్దున్నే వచ్చాయి! గిరాకీ బండ్లు రెండు నిలబడి ఉన్నాయి. ముందు వాళ్ళని పంపించేద్దాం, ఇంటివాడు ఎక్కడికి పోతాడు అనుకున్నాను... పోయాడమ్మా! పోయాడు!"

చిన్నవాడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కోడలికి అరవాలనిపించింది. 'రెండేళ్లు! నా మీద రాళ్ళు పడుతుంటే పక్కనే కూర్చుని అన్నం కలుపుకున్నారే!' అని ఆయన చొక్కా పట్టుకుని నిలదీయాలనిపించింది. కానీ ఆ ముసలి మొహంలోకి చూసి ఆగిపోయింది. అత్తయ్యకి తెలిస్తే ఈయన్ని బతకనిస్తుందా? కొడుకు పోయిన తల్లి, ఆ కొడుకుని పోగొట్టినవాడికే రోజూ అన్నం పెట్టాలా? వద్దు. ఎలాగూ అలవాటైన నిందే, తన దగ్గరే ఉండనీ... అనుకుని బిళ్ళని కొంగు కింద దాచబోయింది.

"దాచకమ్మా. నాకు తెలుసు."

అత్తగారు! వెనక తలుపు దగ్గర, మంచినీళ్ళ గ్లాసుతో.

"ఎప్పటినుంచి?" అన్నారు మామగారు.

"మూటలో బిళ్ళలు దాచిన రోజునుంచి. ముప్పై ఏళ్లు మీ షాపు వెనక వంట చేశాను, బిళ్ళంటే ఏమిటో నాకు తెలియదా? రోజూ మీరు మంచం దిగి ఇటు రావడం తెలియదా? మీకు దాహమేస్తుందని నీళ్ళు తెచ్చి, ఈ తలుపు దాకా వచ్చి, లోపలికి రాలేక తిరిగి వెళ్ళిపోతున్నాను."

"తెలిసీ... తెలిసీ నన్ను అన్నారా అత్తయ్యా?" అని అడిగింది కోడలు.

అత్తగారు కోడలి ఎదుట నేల మీద చతికిలబడింది. ఆ ఇంట్లో ఆమె అంత కిందికి కూర్చోవడం ఎవరూ చూడలేదు.

"ఈయన్ని అంటే ఆ పూటే ఉరి పోసుకునేవారే! కొడుకూ పోయి, మొగుడూ పోతే నాకెవరు మిగులుతారు? ఎవర్నో ఒకర్ని అనకపోతే నా గుండె పగిలిపోయేది. నువ్వయితే పడతావనిపించింది... పడ్డావు! పడుతున్న కొద్దీ ఇంకా అన్నాను. నీకు కూడా మొగుడు పోయాడన్న సంగతే మర్చిపోయానే! నన్ను కొట్టు, తిట్టు, ఏమన్నా అను..."

చిన్నవాడు ముందుకొచ్చాడు. "నాకా చక్రాలు వద్దు వదినా. ఏ చక్రాలూ వద్దు."

"ఎందుకు వద్దు?" కోడలు గిరుక్కున తిరిగింది. ఆ గొంతు రెండేళ్లలో ఎవరూ వినలేదు. "అవే వేయించు! ఒక్కటి వంగింది, దాని బదులు కొత్తది తెప్పించు. ఈ బిళ్ళలు మాత్రం వద్దు. నా లెక్క తప్పు కాదు!"

చివరి మాట ఇల్లంతా వినిపించేలా అరిచింది. కారు పక్కనే కూలబడి అత్తగారి మొహంలోకి చూసింది. ఆ చూపులో క్షమ లేదు, కసి కూడా లేదు.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే నేను కూడా మీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని కదత్తయ్యా! చంపినదానికి ఏడ్చే హక్కు ఎక్కడుందని... ఆయన కోసం ఇంతవరకూ ఒక్కసారి కూడా ఏడవలేదు నేను!"

అంతవరకే మాటలు. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. వీధిదాకా వినిపించే ఏడుపు! అత్తగారు పాకుతూ వచ్చి ఆమె తలని ఒళ్ళోకి తీసుకుంది. కోడలు ఆ చేతుల్ని తోసేసింది. అత్తగారు మళ్ళీ తీసుకుంది. రెండోసారి తోయడానికి ఓపిక లేకపోయింది. మామగారు గోడకి తల ఆనించి కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చారు.

షాపు ముందు ఎవరో హారను కొట్టారు. చిన్నవాడు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి, "ఇవాళ పని లేదండీ, మా అన్నయ్య పోయాడు" అని చెప్పి షట్టరు కిందికి లాగేశాడు.