దొంగిలించిన గౌను

"ఆ షెడ్డు ఎక్కడుందో కనిపెట్టాలి. కంపెనీ డైరెక్టర్‌ని ప్రాణాలతో పట్టి తేవాలి," అన్నాడు చీఫ్.

"మొదటిది చేస్తాను," అంది ఏజెంట్ కత్తెర.

చీఫ్ ఆమెను తప్పు పట్టలేదు. నిరుడు ఆమె అక్క బట్టలు కుట్టే షెడ్డులో కాలిపోయింది. తలుపుకి బయట తాళం. దేశదేశాల్లో దుకాణాలు తెరిచి, వారానికో కొత్త ఫ్యాషన్ కారుచౌకగా అమ్మే విదేశీ కంపెనీ షెడ్డు అది. "మాది కాదు," అని కంపెనీ చేతులు దులుపుకుంది. ఇప్పుడు అలాంటిదే ఇంకొకటి గుట్టుగా నడుపుతోంది.

ఎంత ఎదిగినా ఆ కంపెనీకి దొంగబుద్ధి పోలేదు. నచ్చిన గౌను కనబడితే ఎత్తుకుపోతుంది. డిజైన్ గీసుకునే ఓపిక కూడా లేదు. ఆ గౌనునే నేరుగా షెడ్డుకు పంపి, కుట్లు విప్పించి, ముక్కలు చూసి వేలకు వేలు కుట్టిస్తుంది. చీఫ్ ఆ బుద్ధికే ఎర వేశాడు.

ఆ ఎర గౌను తొడుక్కున్నది చిలక. కంపెనీ పోస్టర్ల మీద నవ్వే మోడల్. జీతం కంపెనీది, కబుర్లు చీఫ్‌కి. ఫ్యాషన్ షో అయ్యాక గౌను డ్రెస్సింగ్ రూమ్‌లో తగిలించి కాఫీకి వెళ్ళింది.

"కొలతలు తీసుకున్నారు," అని కత్తెర ఇయర్‌పీస్‌లో చిలక గొంతు వినిపించింది. గౌను పోయిందని అర్థం.

హెయిర్ డ్రెస్సర్ వేషంలో ఉన్న కత్తెర వ్యాన్ ఎక్కింది. గౌను గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్ స్క్రీన్ మీద పచ్చ చుక్కై కదిలి, ఊరు దాటి, ఒక పాత గోడౌన్ దగ్గర ఆగింది. లోపల కుట్టుమిషన్ల మోత. బయట తాళం. అది చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"చేతులెత్తు."

వెనక్కి తిరిగితే చిలక, చేతిలో పిస్తోలు. పక్కన డైరెక్టర్, చేతిలో రిమోట్.

"నువ్వెవరో చిలక చెప్పింది. నీ వ్యాన్ వెనకాలే వచ్చాం," అన్నాడతను. "మీరు వాసన పట్టేశారు, ఇక ఈ షెడ్డు ఉండకూడదు. లోపల పెట్రోలు డ్రమ్ములకి టైమర్ ఎప్పుడో బిగించాను. ఈ పని ఇంకొకరికి చెబితే సాక్షి మిగులుతాడు. అందుకే నేనే వచ్చాను."

రిమోట్ మీట నొక్కి టైమర్ మొదలుపెట్టి, తాళంచెవి చిలకకిచ్చాడు. "దీన్ని కూడా లోపలికి తొయ్."

చిలక తలుపు తీసింది. తీసి, పిస్తోలు అతని వైపు తిప్పింది. కత్తెర రిమోట్ లాక్కుని లోపలికి కేక వేసింది. "అమ్మా, బయటికి పరిగెత్తండి."

మిషన్లు వదిలేసి ఆడవాళ్ళంతా బయటపడ్డారు. ఆఖరామె గడప దాటగానే చిలక డైరెక్టర్‌ని లోపలికి తోసింది. కత్తెర తాళం వేసింది.

అతను తలుపు బాదడం మొదలెట్టాడు. అక్క కూడా ఇలాగే బాది ఉంటుంది. ఆ చప్పుడు కత్తెరకు హాయిగా ఉంది. రిమోట్ మీద అంకెలు తగ్గిపోతున్నాయి.

"చీఫ్ ప్రాణాలతో కావాలన్నాడు," అంది చిలక.

"విన్నాను," అంది కత్తెర. కదల్లేదు.

డైరెక్టర్ టైమర్ ఆపే కోడ్ అరిచి చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి ఏడుస్తూ చెప్పాడు. అప్పుడు కత్తెర ఆ కోడ్ నొక్కింది. అంకె ఒకటి దగ్గర ఆగింది.

"పోలీసులు బయల్దేరారు," అంది చిలక. "తలుపు తీద్దామా?"

లోపలి నుంచి నీరసంగా గొంతు వచ్చింది. "ఇక్కడ గాలాడట్లేదు. ఊపిరందట్లేదు."

కత్తెర గడప మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"అర్జీ పెట్టుకోండి సార్. మేనేజ్‌మెంట్ పరిశీలిస్తుంది."