నక్క కాపలా

బలుసు మొక్కను గుంతలో నిలబెట్టి, వేళ్ళ పక్కన, నేల కదలికలు వినే వేరుచెవిని గుచ్చి, హనుమక్క మడమలతో మట్టి తొక్కింది. తన చెవిలోని మాటల గింజ సన్నగా మోగింది.

"వేరు అందింది. తర్వాత కలివి మొక్క. మూరెడు ఎడం," అంది అందులోంచి కంచెమతి, నాటే పనిని నడిపే యంత్రబుద్ధి.

ఎండ ముదిరిందని హెచ్చరించే ఎండకూత పడేలోపు వరస ముగియాలి. కూత పడ్డాక చలువచొక్కాలు కూడా కాపాడవు. రెండు కొండల నడుమ ఈ ముళ్ళకంచె కలిస్తే, దాని నీడన జీవాలు మళ్ళీ తిరుగుతాయని ఊరంతా వంతులు వేసుకుని నాటుతోంది. కూలి లేదు. పిట్ట కూత ఎరగని పిల్లలకు ఒక్క పిట్టనైనా చూపించాలని ఆశ. హనుమక్కకూ ఉండేది ఆ ఆశ, పోయిన నెల దాకా.

"ఏం పాపా, చొక్కా మళ్ళీ తడిసిపోయిండాదే," అంది పక్క వరసలోని తిప్పక్క. "పాలు ఇంకా ఆగలే? రొమ్ముకు మల్లెపూలు కట్టుకోమంటి కదే."

"మల్లెలు యాడుండాయక్కా ఇప్పుడు?"

తిప్పక్క నాలుక కరుచుకుంది. మాట మార్చడానికి చెవి తట్టుకుంది. "ఈ అత్తగారు చూడు, మాట్లాడుకోనీదు. మళ్ళీ గొణుగుతాంది."

గొణుగుడు కాదు, కంచెమతి ఆజ్ఞ. "హనుమక్కా, నీ ఎడమవైపు ఎండు రేగుకంప ఉంది. తీసెయ్యి. దాని కింద మట్టి వదులుగా ఉంది. కారణం చెప్పు."

హనుమక్క చేతిలో మొక్క జారిపోయింది.

కంచె నేలలో శవం ఉండకూడదు. పెద్దా చిన్నా ఎవరు పోయినా కాల్చే బూడిదింటికే. వడదెబ్బకు పోయిన తన చంటిబిడ్డ చిట్టిని హనుమక్క పంపలేదు. పసిబిడ్డను కాల్చరు, మట్టికిస్తారు. నక్కలు తోడకుండా పైన ముళ్ళకంప అదుముతారు. అమ్మమ్మల నాటి పద్ధతి. తోడే నక్క ఒక్కటీ మిగల్లేదని తెలిసినా ఆమె చేతులు ఊరుకోలేదు. తిప్పక్క గుంత తవ్వింది, హనుమక్క కంప తెచ్చింది. అందరి వంతులూ అడిగి తీసుకుని రోజూ వచ్చేది ఆ కంప పక్కన కాసేపు కూచోడానికే.

"జవాబు లేదు. తవ్వుడుబండిని పంపుతున్నాను."

వరస చివర ఇనుపకాళ్ళు కదిలాయి.

"వద్దు!" అని అరిచింది హనుమక్క. ఏం చెప్పాలో తెలియదు. నోటికి అందింది చెప్పేసింది. "అక్కడ నక్క ఉండాది. గుంటనక్క. ఈనింది."

ఇనుపకాళ్ళు ఆగాయి. వేరుచెవులు ఏమీ వినలేదు. అయినా మనిషి కళ్ళారా చూశానంటే కంచెమతి చెవుల మాట పక్కన పెడుతుంది. కంచె నాటేవాళ్ళు అబద్ధమాడరని దానికి నేర్పారు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆడలేదు.

"రెండో సాక్ష్యం కావాలి."

తిప్పక్క గునపం దించింది. హనుమక్క వైపు చూడలేదు. "నేనూ సూసినా. నిన్న నా సద్దిమూటలో రొట్టె ఎత్తుకపోయిండేది ఆ ముండే."

"పిల్లలెన్ని?"

"ఒకటి," అంది హనుమక్క.

"కదులుతోందా?"

హనుమక్క కంప వైపు చూసింది. "నిద్రపోతాంది."

"సంతోషం." కంచెమతి నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఈనిన నక్క దగ్గరికి మనుషులు రాకూడదు. చుట్టూ గచ్చముళ్ళ తీగ అల్లిస్తాను. కొండదాకా వరసలన్నీ దానికోసం మారుస్తున్నాను. వెనక్కి నడవండి."

ఇది ఆమె అనుకోలేదు. "ఎన్నాళ్ళు?"

"అది వెళ్ళిపోయేదాకా."

హనుమక్క కంప మీదినుంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచింది. నక్క రాకూడదని ముళ్ళు అదిమిన చేతులు, ఇప్పుడు లేని నక్కనే బిడ్డకు కాపలా పెట్టాయి. తనకు మాత్రం దారి లేదు.

కొండవాలు పొడుగునా గునపాలు ఆగాయి. "నక్కంట! పిల్లను కూడా పెట్టిందంట!" కేకలు వరస నుంచి వరసకు పాకాయి. ఎవరో ఏడుస్తూ నవ్వుతున్నారు. చంకలో బిడ్డతో ఒకామె పరుగున వచ్చి హనుమక్క చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనంట కదక్కా సూసింది? ఎట్లుండాది పిల్ల? మావోడికి చెప్పు."

తిప్పక్క మొహం తిప్పుకుంది.

చంకలోని బిడ్డ కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు.

"తల నిండా జుట్టు నాయనా," అంది హనుమక్క. "నిద్దట్లో నోరు సప్పరిస్తాది."