చుక్క పక్కన సున్నా

ధర్మవరం స్టేషన్‌లో, పట్టపగలు, ఇంజనీరు మారప్పను కాల్చి చంపారు.

రెండు గంటల్లో ఏజెంట్ పోతులయ్య పట్టుచీరల వ్యాపారి వేషంలో పెనుకొండ చేరాడు. చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు.

"హిందూపురంలో సరిహద్దు రాడార్‌ను పన్నెండుకు టెస్ట్ కోసం ఆన్ చేస్తారు. అందులోని కొత్త ట్రాన్సిస్టర్‌ను కొలిచి, ఓపెన్ సోర్స్ సిమ్యులేటర్‌కు మోడల్ ఫైల్ రాసింది మారప్పే. ఆ ఫైల్‌ను విదేశీ ముఠా మార్చేసింది. కంప్యూటర్‌లో ఆ ట్రాన్సిస్టర్ చల్లగా కనిపిస్తుంది, నిజంగా ఆన్ చేస్తే కాలిపోతుంది. ఆ సంగతి రుజువుతో చూపిస్తానని బయల్దేరాడు."

"టెస్ట్ ఆపించండి సార్."

"టెస్ట్ డైరెక్టర్ ఆదినారాయణ రుజువు లేనిదే ఆపడట. రాడార్ షెడ్డులో ఎనిమిది మంది ఉన్నారు. ఫైల్లో ఏం మార్చారో తెలిసింది రేష్మకే, కోట దగ్గర ఆమెను కలువు."

రేష్మ రెండు దేశాలకూ పనిచేసే అందగత్తె. కోటగోడ నీడలో కారుకు ఆనుకుని ఉంది.

"వాన వస్తాండాదా?" కోడ్ వర్డ్ పలికాడు పోతులయ్య.

"రొళ్లలో వచ్చింది, ఈడ లేదు."

నల్లకళ్లద్దాలు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఆయన్ను చంపుతారని నాకు చెప్పలేదప్పా. ఫైల్లో ఒక సున్నా చేర్చమన్నారు, చేర్చినా."

"యాడ?"

"ఆర్.డి. అనే లైన్లో, కరెంటుకు ఎంత నిరోధమో చెప్పే అంకె. అసలుది 0.08. చుక్క పక్కన ఇంకో సున్నా పెట్టినా, నిరోధం తగ్గితే వేడి తక్కువ చూపిస్తుంది."

నిజమో అబద్ధమో తేల్చుకునే దారి పోతులయ్యకు లేదు. జేబులోని పెన్నులో మూడు తూటాలున్నాయి. ఆ సున్నా ముందు అవి ఎందుకూ కొరగావు. హిందూపురంలోని జూనియర్ ఇంజనీరు కీర్తనకు ఫోన్ చేసి ఆ అంకె చెప్పాడు. టైం పదకొండూ యాభై.

"దిద్దినా సార్. మళ్లీ రన్ అయ్యేదానికి పది నిమిషాలు పడుతుంది."

"తొందరగా కాదా?"

"అది మన చేతిలో లేదు సార్."

ఇద్దరూ ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డారు. కీర్తన చెబుతూ పోయింది: నలభై శాతం. డెబ్బై. తొంభై. ఫోన్లో వెనక నుంచి ఆదినారాయణ గొంతు: "టైమయిందమ్మా, జరుగు." ఎవరో వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పది... తొమ్మిది...

"కీర్తనా!"

"తొంభై ఎనిమిది సార్..."

మూడు... రెండు...

"నూట తొంభై డిగ్రీలు! కాలిపోతాండాది సార్! ఆపండి, ఆపండి!"

తర్వాత చప్పుడు లేదు. అంత దూరంలో మంట లేచిందో లేదో చూడటానికి పోతులయ్యకు కళ్లు చాలవు, పరుగెత్తడానికి కాళ్లు చాలవు.

"ఆపినానమ్మా," అన్నాడు చివరికి ఆదినారాయణ.

రేష్మ తనే చేతులు చాచింది. బేడీలు వేస్తుంటే అడిగింది, "మారప్ప ఇంట్లో ఎవరుండారు?"

"భార్య ఉమాదేవి. ఆమెకింకా ఎవరూ చెప్పలేదు."

రిసీవర్ మళ్లీ పలికింది. "శభాష్! ముఠా కూడా ధర్మవరంలోనే దొరికింది. నువ్వేం చేశావో వివరంగా రిపోర్టు రాయి."

"ఫోన్ పట్టుకున్నా సార్," అన్నాడు పోతులయ్య.