సెల్గే అన్నవాడి పచ్చపూస

ఇరవై రెండో శతాబ్దం వచ్చేనాటికి ఎస్తోనియా దేశపు తార్తూ పట్నంలో మెడలో పూస లేనిదే ఎవరూ గడప దాటేవారు కాదు. దాని పేరు గ్రహింపు పూస. ఎదుటివాళ్ల మాట చెవిలో పడి ఊరుకుంటే అది నల్లగానే ఉంటుంది. ఆ మాట అర్థం మెదడులో కుదురుకుంటే, అక్కడి న్యూరాన్ల సంకేతం అందుకుని పచ్చగా వెలుగుతుంది.

"సెల్గే" అని ఆ దేశస్థులకొక ఊతపదం. అర్థమైందని దాని భావం. నిజానికి మన "సరే సరే" లాంటిదే, ఇక చాలించమని చెప్పడమే ఎక్కువ. పూసలొచ్చాక ఆ గుట్టు బయటపడింది. డాక్టరు సెల్గే అంటాడు, పూస నలుపు. మంత్రి సెల్గే అంటాడు, బొగ్గు నలుపు. సిగ్గుపడి వినడం నేర్చుకున్నారా అంటే అదీ లేదు, మెడకు రుమాళ్లు చుట్టుకోవడం నేర్చుకున్నారు.

పూసను కనిపెట్టిన ఉర్మాస్ మహాశయుడు మాత్రం ఇంట్లో దాన్ని పెట్టుకునేవాడు కాదు. ఇల్లు వెచ్చబెట్టే పొయ్యిగోడ బీటలిచ్చింది, పొగకు ఛాతీ పట్టేస్తోంది అని భార్య హెల్వి ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. అతని యంత్రాలన్నీ ఆ గోడకే ఆనించి ఉన్నాయి. అతను జరపనిదే మేస్త్రీ చెయ్యి పెట్టలేడు. "సెల్గే" అనేవాడు, రొట్టెకు వెన్న రాసుకుంటూ. పాపం, పెద్ద బుర్ర, నా మాట దూరడానికి సందెక్కడిది అని ఆమే సర్దుకునేది. పిచ్చితల్లి.

ఇంకో చలికాలం ఈ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు దక్కవని ఆసుపత్రిలో చెప్పారు. ఆమె ఇంటికొస్తూనే ఒక పూస తీసి భర్త మెడలో వేసింది.

"ఇదేంటి?"

"నా మాట నీ బుర్రకెక్కట్లేదని నీకే చూపిస్తా. అప్పుడన్నా ఆ సామాను జరుపుతావు."

"నా పూసతో నాకే పరీక్షా? కానివ్వు."

"ఆ పొయ్యి బాగుచేయించకపోతే ఈ చలికాలం నేను చచ్చిపోతాను, ఉర్మాస్."

"సెల్గే," అన్నాడు, చేతిలో వెన్నకత్తి దించకుండానే.

పూస లేతచివురులా నిండుగా వెలిగింది.

"చూశావా," అని మురిసిపోయాడు. "నేను వినడం లేదనుకున్నావు."

"ఇన్నేళ్లూ అర్థమవుతూనే ఉందా?"

"మొదటినుంచీ."

హెల్వి కుర్చీ మీది కోటు అందుకుంది. "అర్థం కాలేదనుకున్నాను కాబట్టే నీతో కాపురం చేశాను," అంది. ఆమె వెనకాలే వీధితలుపు మూసుకుంది.

పూస మళ్లీ పచ్చగా వెలిగింది. ఉర్మాస్ రుమాలు కోసం వెతుక్కున్నాడు.