రబ్బరు లేని పీరియడ్

డ్రాయింగ్ పీరియడ్ వచ్చే వారం నుంచి లెక్కలకే అని హెడ్‌మిస్ట్రెస్ తేల్చేసింది. ఆవిడ ఇంట్లో మా అమ్మ. స్కూల్లో మాత్రం నేను ఉత్త లెక్కల మాస్టారిని. గది చూసుకుందామని ఠీవిగా వెళ్తే, డ్రాయింగ్ టీచర్ చేతినిండా నీలం రంగుతో గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఈ వారం ఇంకా నాదే మాస్టారూ. కావాలంటే కూర్చుని బొమ్మ వేయండి."

పీరియడ్ పోతే ఆమె ఉద్యోగమూ పోతుంది. కోపం రాదా మరి? ఆ కోపం ఆమెకు భలే నప్పింది కూడా. వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను.

బయట వాన. ఎదురుగా పూలకుండీ. నా మొదటి గీతే వంకరపోయింది. పక్కనున్న అమ్మాయిని రబ్బరు అడిగితే క్లాసంతా కిసుక్కుమంది.

"ఇక్కడ రబ్బర్లు ఉండవు. తప్పు గీత పడితే దాన్నే ఏదో ఒకటి చేసుకోవాలి" అంటూ టీచర్ నా కుండీకి ఒక తోక తగిలించింది. కుండీ కాస్తా పిల్లి అయి కూర్చుంది.

నా పక్కనున్న అమ్మాయి లెక్కల పరీక్షలో ఎప్పుడూ తెల్లకాగితమే ఇచ్చేది, తప్పు వస్తుందన్న భయంతో. ఇక్కడేమో చేయి ఆగడం లేదు. మర్నాడు నా క్లాసులోనూ రబ్బర్లన్నీ లోపల పెట్టించాను. ఆ పిల్ల మొదటిసారి బోర్డు దగ్గరికొచ్చింది. లెక్క తప్పింది, తప్పెక్కడో తనే వెతికి దిద్దుకుంది.

సాయంత్రం అమ్మకు అంతా చెప్పి, పీరియడ్ డ్రాయింగ్ టీచర్‌కే ఉంచమన్నాను.

"ఒరేయ్, నీ బెంగ పిల్లల మీదా, టీచర్ మీదా?"

"రెండూనమ్మా."

అమ్మ కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "పిల్లల సంగతి నాకు అర్థమైంది. పీరియడ్ ఎక్కడికీ పోదు. రెండోది ఆ అమ్మాయినే అడుగు. ఒప్పుకుంటే నాకు సంతోషమే."

రాత్రంతా కష్టపడి ఒక బొమ్మ గీశాను. ఒకే గొడుగు కింద ఇద్దరు. పొద్దున్నే తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

"రబ్బరు వాడలేదు" అన్నాను.

"తెలుస్తూనే ఉంది. ఇది మీరు. మరి పక్కన ఈ కరెంటు స్తంభం?"

"మీరే."

ఆమె పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంది. పెన్సిల్ తీసుకుని స్తంభానికి జడ వేసింది, కళ్ళు పెట్టింది. చివరికి ఒక చేయి గీసి, దాన్ని నా బొమ్మ చేతిలో కలిపింది.

"ఇక చెరపడానికి వీల్లేదు మాస్టారూ" అంది.