కోర్బినియన్ వంకర వేలు

వాల్‌బుర్గా మొగుడు కోర్బినియన్‌లో లోపాలేమీ లేవు. ఉంటే ఈ నలభై ఆరేళ్ల కాపురంలో ఎప్పుడో ఒకప్పుడు ఆయనే చెప్పి ఉండేవాడు. ఆయన కుడిచేతి నడిమి వేలు మాత్రం కొక్కెంలా వంకర. తోలుపట్టీలో చెరో వేలూ దూర్చి, బల్లకు అటూ ఇటూ కూర్చుని లాక్కునే పోటీలో పక్క లోయవాడిని ఓడించినప్పుడు వంగిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఊరికి చెప్పింది ఆయనే.

ఆ ఆదివారం, ఊరి ఆచారం ప్రకారం గుడిగంట పన్నెండు కొట్టేలోపు తినెయ్యాల్సిన తెల్ల సాసేజీలు వేడినీళ్ల గిన్నెలో తేలుతున్నాయి. హాంబుర్గ్ నుంచి ఈ కొండ ఊరికి కాపురానికి వచ్చిన కోడలు వీబ్కె వడ్డిస్తోంది. ఏడేళ్ల మనవరాలు ఫ్రీడా రొట్టె కోసం చెయ్యి చాపింది.

"తాతయ్యా, దయచేసి ఆ రొట్టెను ఇటు ఇస్తారా?" అంది వాళ్లమ్మ పట్నం భాషలో, రేడియోలో వార్తలు చదివినట్టు.

"మన మాటల్లో అడుగు, ఇస్తా."

"అలా మాట్లాడితే టీచరుగారు తప్పంటారు. అది మొరటు భాషట."

ఆయన చెయ్యి లేవడం వాల్‌బుర్గా చూసింది. పడటం చూడలేదు, విన్నది. పిల్ల పెదవి చిట్లి బల్లగుడ్డ మీద రక్తం చుక్కలు పడ్డాయి.

వీబ్కె గరిటె కింద పెట్టి పిల్లను పొదువుకుంది. "మామగారూ, సాయంత్రం రైలుకు ఫ్రీడాను తీసుకుని వెళ్లిపోతున్నాను. మళ్లీ ఈ గడప తొక్కము."

"పో. రేడియో కూడా పట్టుకుపో, మీ భాషలో తోడుంటది."

కొడుకు అలోయిస్ గోడ మీది దుప్పికొమ్ముకు వేలాడుతున్న తోలుపట్టీ దింపి బల్ల మీద విసిరాడు.

"కూర్చో నాయనా. నువ్వు గెలిస్తే పిల్ల ఈడనే పెరుగుద్ది, నీ మాటే మాట్లాడుద్ది. నేను గెలిస్తే దాని ముందర తప్పయిందనాల."

ముసలాయన ఎడంచెయ్యి పెట్టాడు.

"గెలిచిన ఏలు పెట్టు."

"నీకు ఎడమే ఎక్కువరా."

లాగారు. తోలు కీచుమంది. వేళ్ల చర్మం ఊడొచ్చినా ఎవరూ వదల్లేదు. అలోయిస్ ఒక్క గుంజు గుంజేసరికి తండ్రి బల్ల మీద బోర్లా పడ్డాడు. గిన్నె తిరగబడి వేడినీళ్లు ఆయన తొడ మీద పొర్లాయి. ఆయన పశువులా అరిచి, కుడిచేత్తో బీరుముంత అందుకుని కొడుకు నుదుటి మీద కొట్టాడు. కనుబొమ్మ చీలింది. ముంత మళ్లీ లేచింది.

వాల్‌బుర్గా ఆ చెయ్యి పట్టుకుంది, సరిగ్గా వంకర వేలి దగ్గర.

"ఏమయ్యో, ఇది ఎట్టా వంగిందో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"వద్దు, వాల్లీ."

"ఇన్నేళ్లూ నేనూ ఆ పోటీ కథే చెప్పినా. విన్నోళ్లకు విసుగు పుట్టకుండా ఏటేటా కొంచెం పెంచి కూడా చెప్పినా." ఆమె కొడుకు వైపు తిరిగింది. "మీ నాయన ఏ పోటీలోనూ గెలవలా. ఎనిమిదేళ్లప్పుడు బడిలో ఇంటి మాట మాట్లాడినాడని అయ్యవారు చెయ్యి బల్ల మీద పెట్టించి కర్రతో కొట్టినాడు. ఏలు ఇరిగింది. ఇంట్లో చెప్తే ఇంకో నాలుగు పడతాయని దాచుకున్నాడు. అట్టాగే అతుక్కుంది." మొగుడి చెయ్యి వదిలింది. "ఈ పొద్దు ఆ అయ్యవారి పని నువ్వు చేసినావు. కర్ర ఒకటే తక్కువ."

ముంత జారి నేల మీద ముక్కలైంది. గుడిగంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

పెదవికి గుడ్డ అదుముకున్న ఫ్రీడా తల్లి వెనక నుంచి ఆ వేలినే చూస్తోంది. "బాగా నొప్పి పెట్టిందా తాతయ్యా?"

కోర్బినియన్ కాలిన కాలుతోనే పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. అరవై ఏళ్లుగా ఏ సర్కారు కచేరీలోనూ, ఏ దొర ముందూ ఆ అయ్యవారి భాష ఆయన నోట రాలేదు. ఇప్పుడు దాన్నే ఒక్కో మాటా వెతుక్కుంటూ, పిల్ల రొట్టె అడిగిన మాటల్లో పలికాడు.

"ఫ్రీడా... నిన్ను కొట్టడం... నేను చేసినది తప్పు."